పైన గీత, కింద గీత

ఆ చలికాలం తిమొతియె మేష్టారికి చాక్‌పీసు పట్టుకోవడమే పెద్ద పనైపోయింది. బడిలో పొయ్యి ఉంది, కట్టెల్లేవు. బల్లలున్నాయి, వాటికి కాళ్లు లేవు. పిల్లలున్నారు, వాళ్లకు అక్షరాలు లేవు. మూడేళ్లు ఊరిని ఏలిన ఆస్ట్రియా సైన్యం చేసిన మొదటి ఘనకార్యం బడి గోడ మీది సిరిలిక్ అక్షరాల పటం పీకి అదే పొయ్యిలో పెట్టడం. సెర్బియా పిల్లలు ఇకమీదట లాటిన్ అక్షరాలే దిద్దాలన్నారు. మాట మనదే, నోరు మనదే, రాత మాత్రం వాళ్లదట. ఆ రాత నేర్పనన్నందుకు మేష్టారిని ఇంటికి పంపేశారు. మూడేళ్లూ ఆయన ప్లమ్ చెట్ల కొమ్మలు నరుక్కుంటూ బతికాడు. ఇప్పుడు యుద్ధం అయిపోయింది, వచ్చినవాళ్లు పోయారు, అరవై రెండేళ్ల వయసులో ఆయన మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాలి. ప్రభుత్వం జీతం ఎప్పుడిస్తుందో చెప్పలేదు కానీ, పని మాత్రం రేపటినుంచే అంది.

క్రిస్మస్ వెళ్లిన వారానికి, పిల్లలు ఇళ్లకు పోయాక, క్రూనియా వచ్చింది. చేతిలో సైనికుల తపాలా కార్డు. బురద బూట్లు గుమ్మంలో విడిచి, ఉన్ని మేజోళ్లతో నడిచొచ్చి కార్డు ఆయన ముందు పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

క్రూనియాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మీషా, పెళ్లయినవాడు, కోడలు పేరు స్తమెన. చిన్నవాడు మీతా. పందొమ్మిది వందల పదిహేను చలికాలంలో ఇద్దరూ వెనక్కి తగ్గుతున్న సైన్యంతోపాటు అల్బేనియా మంచుకొండలు దాటి వెళ్లారు. అప్పట్నుంచి ఒక్క కబురు లేదు. ఇద్దరూ మేష్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. ఈ కార్డు రాసిన రదోయ్కొ కూడా ఈ ఊరివాడే, ఈ బడివాడే, వాళ్లతోపాటే వెళ్లినవాడు. క్రూనియాకు అక్షరం ముక్క రాదు.

మేష్టారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. క్రూనియా అత్తకు దండాలు. పుట్టెడు దుఃఖంతో రాస్తున్నాను. అక్టోబరులో జ్వరం తగిలి మూడు రోజుల్లో పోతే బితోల్య దగ్గర పాతిపెట్టాం, పాదిరి ఉన్నాడు, ప్రాణం పోయేటప్పుడు చేతిలో కొవ్వొత్తి కూడా పెట్టాం. ఇంకొకడు కూడా అదే జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నాడు, గండం గడిచిందన్నారు, చెయ్యి ఇంకా స్వాధీనంలో లేదు, కుదిరినప్పుడు వాడే రాస్తాడు.

మధ్యలో ఒక మాట ఆయన చదవకుండా దాటేశాడు. క్రూనియా దాన్ని పట్టుకుంది.

"ఎవర్ని పాతిపెట్టారు మేష్టారూ?"

ఆయన కార్డును కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. పేరుంది. పేరు లేకపోవడమేం, నల్లటి సిరాతో చక్కగా ఉంది. కానీ అది ఏ పేరో తెలియదు.

సిరిలిక్ చేతిరాతలో 'త' ఎలా ఉంటుందంటే, మూడు చిన్న నిలువు పుల్లలు గీసి అడుగున కలుపుతారు. 'ష' కూడా అంతే, అవే మూడు పుల్లలు. అందుకే తేడా తెలియడానికి 'త'కి నెత్తిన ఒక అడ్డగీత పెడతారు, 'ష'కి అడుగున పెడతారు. పైన గీతుంటే మీతా. కింద గీతుంటే మీషా. రదోయ్కొ పైనా పెట్టలేదు, కిందా పెట్టలేదు. కార్డంతా వెతికాడు మేష్టారు. పదకొండు చోట్ల ఆ మూడు పుల్లలున్నాయి, ఒక్కదానికీ గీత లేదు. మిగతా మాటలు ముందూ వెనకా చూసి ఎలాగో పోల్చుకోవచ్చు. పేరును దేన్ని చూసి పోల్చుకుంటారు?

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని రదోయ్కొని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాడు. మిహాయిలో అనో దిమిత్రియె అనో పూర్తి బాప్తిజం పేరు రాసినా బతికిపోయేవాళ్లం కదా, వెధవ, పెద్దవాడు అనో చిన్నవాడు అనో ఒక్క ముక్క రాసినా సరిపోయేది కదా అనుకున్నాడు. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఆస్ట్రియావాళ్ల లాటిన్ అక్షరాల్లో 'త' వేరు, 'ష' వేరు. వాటితో రాసుంటే ఈ చిక్కే ఉండేది కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకు నోరంతా చేదైపోయింది.

చెప్పక తప్పదు కాబట్టి చెప్పాడు. ఒకడు పోయాడు, ఒకడున్నాడు, పోయిందెవరో ఇందులో తేలలేదు అన్నాడు. క్రూనియాకు అర్థం కాలేదు. పేరుందన్నారుగా అంది. పేరుంది, గీత లేదన్నాడు. పలక తీసి మూడు పుల్లలు గీసి, పైన గీత పెట్టి చూపించి, చెరిపి, కింద పెట్టి చూపించాడు. ఆమె పలకను చాలాసేపు చూసింది.

"ఇంతేనా? ఇంత గీతా?"

"అంతే."

"ఈ గీతకు నా కొడుకొకడు పోయాడా మేష్టారూ?"

పోయింది గీత వల్ల కాదు, జ్వరం వల్ల అని ఆయన అనబోయాడు. అనలేదు. క్రూనియా అప్పుడు కూర్చుంది. ఏడవలేదు. ఎవరి పేరు పెట్టి ఏడవాలో తెలియని ఏడుపు గొంతు దాటి ఎలా వస్తుంది? కాసేపటికి లేచి, రాయండి, అడగండి, వాడు మీ శిష్యుడేగా అంది. రాయబోయేది రాకపోకలకు రెండు నెలలు పట్టే ఉత్తరమని ఇద్దరికీ తెలుసు.

ఆమె అక్కడుండగానే మేష్టారు కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఒరే రదోయ్కొ, నువ్వు రాసిన పేరు మీతానా, మీషానా? అంతవరకు రాసి సిరా ఆరడానికి ఊదుతూ చూసుకున్నాడు. చూసుకున్నవాడు చూసుకున్నట్టే ఉండిపోయాడు. ఆయన కాగితం మీద ఉన్న రెండు పేర్లూ ఒకటే. మూడు పుల్లలు, మూడు పుల్లలు. ఒక్కదానికీ గీత లేదు.

ఎప్పుడు మానేశాడో గుర్తు చేసుకోబోయాడు. భార్య పోయిన ఏడా? బడిలో అరవైమందికి ఒక్కడే మేష్టారైన ఏడా? నల్లబల్ల మీద రాసేటప్పుడు చెయ్యి నొప్పెట్టి ఒకరోజు గీత వదిలేసి ఉంటాడు. రెండోరోజు వదిలేసి ఉంటాడు. ఏ పిల్లవాడో అడిగితే, ముందూ వెనకా చూసుకుంటే తెలుస్తుందిలేరా, కూర్చో అని ఉంటాడు. అనే ఉంటాడు, ఆ మాట ఆయనదే. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేస్తుందా? ఇందాక రదోయ్కొకి పెట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి ఆయన మీదే కూర్చున్నాయి.

క్రూనియాకు ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కొత్త కాగితం తీశాడు. ప్రతి 'త' నెత్తినా, ప్రతి 'ష' అడుగునా కలం విరిగేలా గీతలు పెట్టాడు. చివర ఇంకో ముక్క చేర్చాడు: బతికున్నవాడు రాయగలిగితే సొంత చేత్తో సంతకం చెయ్యాలి, పేరులో గీత మరిచిపోకూడదు, అమ్మ చూస్తుంది.

అమ్మ చూస్తుందని ఎందుకు రాశాడో ఆయనకే తెలియదు. కానీ రాసింది చదివి వినిపిస్తే క్రూనియా తల ఊపింది. అయితే నాకా గీత నేర్పండి అంది.

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం వచ్చేది. ఊళ్లోకి తపాలా వచ్చేది శుక్రవారమే. ఉత్తరం రాలేదని తెలిశాక ఒక పావుగంట కూర్చుని పలక మీద ఆ రెండు మాటలే దిద్దేది. మిగతా అక్షరాలు కూడా నేర్చుకోమంటే వద్దంది. ఇంకేం చదవాలి నేను అంది. కోడలు స్తమెన తోడుగా వచ్చి, పొయ్యి పక్క బల్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పలక ముట్టుకునేది కాదు. కానీ పెదవులు కదిలేవి. పైన మీతా, కింద మీషా. పైన మీతా, కింద మీషా.

ఆదివారం గుడిలో ఇంకో కష్టం వచ్చిపడింది. అక్కడ కొవ్వొత్తులు పెట్టే అరలు రెండు. పై అర బతికున్నవాళ్లకు. కింద ఇసుక పోసిన అర పోయినవాళ్లకు. మూడేళ్లూ క్రూనియా పైన రెండు పెట్టేది. ఇప్పుడు పైన ఒకటి, కింద ఒకటి పెడుతోంది, ఏది ఎవరిదో చెప్పకుండా. వంగి కింద ఇసుకలో గుచ్చేటప్పుడు ఆమె కళ్లు మూసుకోవడం ఊరంతా చూసింది. ఊరి పాదిరి యెవ్రేమ్ మంచివాడే కానీ ఆయనకు పోయినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరుంది. ఏప్రిల్లో ఆరు నెలల ప్రార్థన చేయించాలి, ఉడికించిన గోధుమలు పంచాలి, ఎవరి పేరు చదవాలో చెప్పమన్నాడు. దేవుడికి తెలుసు లెండి అంది క్రూనియా. దేవుడికి తెలుసు తల్లీ, నా కాగితానికి తెలియొద్దూ అన్నాడు ఆయన. తర్వాత మేష్టారి దగ్గరికొచ్చి, ఏదో ఒకటి తేల్చెయ్యవయ్యా, పెద్దమనిషివి, నీ మాట కాదనేవాళ్లెవరు అని కూడా అన్నాడు. తేల్చడానికి ఇదేమైనా పొలం గట్టు తగాదానా అని మేష్టారు విసుక్కున్నాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం స్తమెన ఒక్కతే వచ్చింది. మొక్కజొన్న రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కకు చూస్తూ మాట్లాడింది. అత్త రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, తిండి మానేసిందని, ఇలాగే సాగితే ఆ ఉత్తరం వచ్చేలోపు ఈమే పోతుందని చెప్పింది. మేష్టారు వింటూ కూర్చున్నాడు. అసలు మాట ఇంకా రాలేదని ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్లు పిల్లల సంజాయిషీలు విన్నవాడికి ఆపాటి తెలియదా?

"మీతా అని చెప్పెయ్యండి మేష్టారూ," అంది చివరికి.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కార్డులో గీత కనపడిందనండి. పైన సన్నగా ఉంది, ఇన్నాళ్లూ చూసుకోలేదు అనండి. మీరు చెబితే ఆవిడ నమ్ముతుంది. మీతాకి ఎవరున్నారు చెప్పండి? పెళ్లామా, పిల్లలా? వాడికోసం ఏడవడానికి తల్లి ఒక్కతే. నాకు పెళ్లయి మా ఆయనతో కాపరం చేసింది పద్నాలుగు నెలలు. పద్నాలుగంటే పద్నాలుగే. మూడేళ్లకు పైగా ఆ పద్నాలుగు నెలల్నే తిప్పి తిప్పి బతుకుతున్నాను."

అప్పుడు తన మాట తనకే వినపడ్డట్టుంది. మొహం చేతుల్లో దాచుకుంది. మీతా తనను వదినా వదినా అంటూ వెనక తిరిగేవాడని, బావి నుంచి నీళ్లు తనకు మోయనిచ్చేవాడు కాదని, అలాంటివాణ్ని చావమని కోరుతున్నానని, తనంత పాపిష్టిది ఇంకొకతె ఉండదని ఏడ్చింది. మేష్టారికి ఆమె మీద కోపం రాలేదు, జాలేసింది. నిజం చెప్పాలంటే ఆయనకూ ఆ మాట చెప్పెయ్యాలనే ఉంది. మీతానో, మీషానో, ఎవరో ఒకరు. చెప్పేస్తే ఈ శుక్రవారాలు ఆగిపోతాయి. జేబులో ఇంకా మడతపెట్టి ఉన్న ఆ గీతల్లేని కాగితాన్ని పొయ్యిలో పారేసి హాయిగా నిద్రపోవచ్చు. ఆయన అంతగా అలిసిపోయి ఉన్నాడు. కానీ ఒకసారి గీత వదిలేసినందుకు ఇంత జరిగితే, లేని గీత పెడితే ఎంత జరుగుతుందోనని భయపడ్డాడు.

"గీత నేను పెట్టకూడదమ్మా. రాసినవాడే పెట్టాలి," అన్నాడు.

ఆ శుక్రవారం క్రూనియా పలక దిద్దుతూ, తల ఎత్తకుండానే, మా కోడలొచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాడు. ఏమడిగిందో నాకు తెలుసు, దాని తప్పేం లేదు, దాని ఈడులో నేనైనా అదే అడుగుదును అంది. ఆ రోజు స్తమెన రాలేదు, ఇద్దరే ఉన్నారు. క్రూనియా ఇంకో మాట కూడా అంది. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

"దాన్నేమంటాను. అది ఒక్కడి కోసం మొక్కుతుంది. నేను కొవ్వొత్తి కింద పెట్టిన ప్రతిసారీ ఒకణ్ని చంపుతున్నాను. ఒక వారం వాణ్ని, ఒక వారం వీణ్ని. ఎవరికీ అన్యాయం చెయ్యకూడదని వంతులేసుకుంటున్నాను మేష్టారూ."

మేష్టారు అప్పుడు జేబులోంచి ఆ కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. ఇది నా రాత, రదోయ్కొ పెట్టని గీత నేనూ పెట్టలేదు, వాడు నా దగ్గరే చెడిపోయాడు అని చెప్పేశాడు. క్రూనియా ఇప్పుడు ఆ పేర్లను పోల్చుకోగలదు. గీతల్లేని రెండు పేర్లనూ వేలితో తడిమింది. అరుస్తుందనుకున్నాడు, శపిస్తుందనుకున్నాడు. ఆమె ఆయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, ఆ కాగితం మీదే ఒకదానికి పైన, ఒకదానికి కింద గీత పెట్టింది. తెల్లకాగితం మీద సుద్ద ఎంత కనపడుతుందో అంతే కనపడింది. సరే, వచ్చే శుక్రవారం వస్తాను అని వెళ్లిపోయింది.

మార్చి ఆఖరికి ఉత్తరం వచ్చింది. ఈసారి కార్డు కాదు, కవరు. ఆ శుక్రవారం వానకి వాగు పొంగి ఆడవాళ్లు రాలేకపోయారు. మేష్టారే చుట్టుదారిన వంతెన మీదుగా, మోకాలి నొప్పితో, కవరు టోపీలో పెట్టుకుని వెళ్లాడు. దారి పొడుగునా ప్లమ్ చెట్లు పూసి ఉన్నాయి. ఆయన తల ఎత్తి చూడలేదు. విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, విప్పలేదు. ఆయనకున్న భయం ఒక్కటే. రాసినవాడు తన బడివాడే కదా. మళ్లీ గీత వదిలేసి ఉంటే?

వంటింట్లో బల్ల దగ్గర క్రూనియా చిక్కుళ్లు ఏరుతోంది. టోపీ తీస్తున్న మేష్టారిని చూడగానే చిక్కుళ్లన్నీ ఒక పక్కకు తోసేసింది. స్తమెన పొయ్యి దగ్గర్నుంచి వచ్చి బల్లకు అవతలి వైపు నిలబడింది. తడి చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. మేష్టారు క్రూనియా పక్కన కూర్చుని కవరు చించి కాగితం పరిచాడు. చదవబోతుంటే క్రూనియా ఆయన మణికట్టు పట్టుకుంది. ఆగండి, నేను చూస్తానంది.

ఒకే పేజీ. రాత వంకరటింకరగా ఉంది, పిల్లవాడు దిద్దినట్టు. మేష్టారి చూపు గబగబా పరిగెత్తింది. పై వరుసల్లో ఎక్కడా ఒక్క గీత లేదు. క్రూనియా మాత్రం ఆ మాటల జోలికే పోలేదు. ఆమెకు అవి రావు కదా. ఆమె వేలు తిన్నగా చివరి వరుసకు వెళ్లింది. అక్కడ సంతకం ఉంది. ఆ సంతకంలో మూడు పుల్లలున్నాయి. వాటికి ఒక గీత ఉంది. మామూలు గీత కాదది. కాగితం చిరిగేలా, సిరా అవతలికి దిగేలా, వేలెడంత పొడుగున, అమ్మ చూస్తుందని నొక్కి నొక్కి పెట్టిన గీత.

పైన ఉంది.

క్రూనియా పెదవులు విడివడ్డాయి. మీతా. చప్పుడు రాలేదు. ఆ ఒక్క గీతలో ఆమెకొక కొడుకు తిరిగొచ్చాడు, ఒక కొడుకు వెళ్లిపోయాడు. రెండూ ఒక్క క్షణంలోనే. సంతోషపడదామంటే ఎదురుగా కోడలుంది, ఏడుద్దామంటే బతికున్నవాడి పేరు వేలి కింద ఉంది. ఆమె మొహం వైపు చూడలేక మేష్టారు తల దించుకున్నాడు.

"కిందుంది!"

మాట స్తమెనది. బల్లకు అవతల నిలబడి, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, కాగితం మీదికి వంగి చూస్తోంది. ఆమె వైపు నుంచి కాగితం తలకిందులుగా ఉంది. ఆమెకు అక్షరాలు రావు. ఆ రెండు నెలల్లో పొయ్యి పక్కన కూర్చుని నేర్చుకున్నది ఒక్కటే.

"కిందుంది అత్తా. గీత కిందుంది. నాకు తెలుసు, నాకు తెలుసు, ఆయన రాస్తాడని నాకు తెలుసు. పాపం మీతా, పాపం మా మీతా. దేవుడా నన్ను క్షమించు. కిందే ఉంది కదా అత్తా?"

నవ్వుతోంది, ఏడుస్తోంది, తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంటోంది. మూడేళ్లకు పైగా ఆ పిల్ల నవ్వడం మేష్టారు చూడలేదు. ముప్ఫై ఏళ్లు తప్పులు దిద్దినవాడికి ఈ తప్పు దిద్దడానికి మాట దొరకలేదు.

క్రూనియా కోడల్ని నవ్వుతున్నంతసేపూ నవ్వనిచ్చింది. ఆ తర్వాత కాగితం మీంచి వేలు తీసి, బెంచీ మీద కొంచెం జరిగి, పక్కన చోటు చేసింది.

"ఇటు రామ్మా," అంది. "ఇటొచ్చి నా పక్కన కూర్చుని చూడు."

స్తమెన బల్ల చుట్టూ తిరిగి వచ్చింది.